దగ్గు తగ్గగానే ఇన్‌హేలర్ ఆపవచ్చా?

దగ్గు తగ్గగానే ఆస్తమాకు వాడే బుడెసొనైడ్ (ఒక స్టెరాయిడ్ మందు) ఇన్‌హేలర్ ఆపుతున్నామని, కొన్ని వారాలకే మీ ఐదేళ్ల బాబుకు పిల్లికూతలు తిరిగి వస్తున్నాయని రాశారు. అలా మధ్యలో ఆపడమే ఇందుకు ముఖ్య కారణం కావచ్చని నా అభిప్రాయం. వెంటనే ఉపశమనం కోసం పీల్చే సాల్బుటమాల్ అనే మందు బిగుసుకున్న శ్వాసనాళాలను నిమిషాలలో వదులు చేస్తుంది గానీ వాటి లోపలి వాపును తగ్గించదు. ఆ పని చేసేది బుడెసొనైడ్, అదీ రోజూ వాడినప్పుడే, కాబట్టి బాబు హాయిగా ఉన్న రోజుల్లోనూ దాన్ని కొనసాగించి, మోతాదు తగ్గించాలా, ఆపాలా అన్న నిర్ణయాన్ని డాక్టరుకే వదలండి. స్టెరాయిడ్ అన్న భయం సహజమే. ఎత్తుపై దాని ప్రభావం ఉన్నా అది సాధారణంగా సుమారు 1 సెంటీమీటరు. అదుపులేని ఆస్తమా చేసే హాని అంతకంటే చాలా ఎక్కువ.

పీల్చే పద్ధతినీ సరిచూడండి. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే, మందును కాసేపు పట్టి ఉంచే గొట్టం) లేకుండా ఇస్తే మందులో చాలా భాగం నోటిలో, గొంతులో నిలిచిపోతుంది. ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, ఒక్క పఫ్ మాత్రమే స్పేసర్‌లోకి వదిలి, బాబు చేత ఐదారు సార్లు నెమ్మదిగా ఊపిరి తీయించిన తర్వాతే రెండో పఫ్ ఇవ్వండి. చివర నోరు పుక్కిలించి ఉమ్మించాలి. కడిగిన స్పేసర్‌ను గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి.

పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, సాల్బుటమాల్ ఇస్తూనే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.