అన్నయ్యను బలవంతంగా చేర్పించే ముందు

బాబూ,

నీ ఉత్తరం చదివాను. డీఅడిక్షన్ సెంటర్ వాళ్లు మనుషులతో బండి పంపి అన్నయ్యను ఎత్తుకెళ్తామన్నారనీ, వదిన ఒక్క సంతకం పెడితే చాలన్నారనీ రాశావు. ముందు ఆ బండిని రావద్దని చెప్పు. మిగతాది తర్వాత చదువుదువు గాని.

బలవంతపు వైద్యానికి చట్టంలో దారి లేకపోలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలనూ మానసిక అనారోగ్యంగానే లెక్కేస్తుంది. కాబట్టి మనిషి ఒప్పుకోకపోయినా ఆసుపత్రిలో చేర్చడానికి వీలిచ్చే 89వ సెక్షన్ మనకూ వర్తిస్తుంది. కానీ తాగి డబ్బు తగలేస్తున్నాడంటే చాలదు. ఈమధ్య తనకు తాను హాని చేసుకోబోయి ఉండాలి, లేదా ఎవరి మీదికో వెళ్లి ఉండాలి, లేదా తన ఒంటిని తాను చూసుకోలేక ప్రమాదంలో పడే స్థితికి వచ్చి ఉండాలి. పైగా వైద్యం గురించి సొంతంగా నిర్ణయించుకోలేని పరిస్థితిలో ఉన్నాడని ఒక సైకియాట్రిస్టు, ఆయనతోపాటు మరో డాక్టరో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా చూసి తేల్చాలి. నువ్వు రాసిన రెండు పేజీల్లో ఇందుకు పనికొచ్చేది ఒక్కటే: వదిన మీదికి కత్తి ఎత్తడం. పరువు పోతుందని దాన్ని డాక్టరు దగ్గర దాచకండి.

అన్నయ్య తన తరఫున ఎవరినీ నామినేట్ చేయలేదు గనక బంధువుగా వదినే దరఖాస్తు పెట్టొచ్చు. ఇలా చేర్చుకున్నా 30 రోజులే. ఆసుపత్రి వాళ్లు ఏడు రోజుల్లోగా మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు, అంటే ఇలాంటి చేరికలు సబబో కాదో చూసే బోర్డుకు, తెలియజేయాలి. అన్నయ్య కూడా బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. ఆ 30 రోజులు దాటి ఉంచాలంటే ఇద్దరు సైకియాట్రిస్టులు మళ్లీ చూడాలి, బోర్డు ఒప్పుకోవాలి.

ఇన్ని అడ్డంకులేంటని నీకు చిరాకు రావచ్చు. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన చోట మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక చనిపోయారు. ఇప్పుడు చట్టం గొలుసు వేయడాన్నే పూర్తిగా నిషేధించింది. ఆస్తి గొడవల్లో మనిషిని అడ్డు తప్పించుకోవడానికి ఇలాంటి సంతకాలు ఎంత తేలిగ్గా పనికొస్తాయో నీకు వేరే చెప్పాలా?

అసలు భయం ఇంకోటుంది. రోజూ బాగా తాగే మనిషికి ఒక్కసారిగా మందు ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. డాక్టరు లేని చోట గదిలో పెట్టి తాళం వేస్తే ఎవరు చూస్తారు? అందుకే ఏ సెంటరుకు వెళ్లినా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమను, రాత్రిపూట డాక్టరు ఎవరుంటారో అడుగు. మళ్లీ కత్తి ఎత్తే పరిస్థితి వస్తే నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 72 గంటల దాకా ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా అత్యవసర వైద్యం చేయొచ్చని 94వ సెక్షన్ చెబుతోంది.

నన్నడిగితే, ముందు ఆయన్ను ఒప్పించే దారే చూడు. ఉదయం మత్తు లేనప్పుడు, పిల్లలు పక్కన లేకుండా మాట్లాడు. తిట్టకు. మత్తు మాన్పించడానికి సాయపడే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి సలహా అడుగు. అన్నయ్య ఒప్పుకుంటే, తను నిర్ణయించుకోలేని రోజున ఎవరు మాట్లాడాలో సాదా కాగితం మీద రాయించి సంతకం తీసుకో. చట్టానికి అది సరిపోతుంది.

సెంటర్ వాళ్లిచ్చిన ఫారం ఫొటో తీసి నాకు పంపు. నేను చూసేదాకా వదినను సంతకం పెట్టనివ్వకు.

మీ బాబాయి