ఎర్ర పెన్ను జేబులోనే

తిరుపతి,
ఆదివారం

అమ్మా,

నీ ఉత్తరం అందింది. ఈ కాలంలో పోస్టులో ఉత్తరం వేసే మనిషివి నువ్వొక్కదానివే మిగిలావు నాకు. అక్షరాలు నువ్వు నా క్లాసులో చదువుకున్నప్పుడు ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి, చీమలు బారు తీరినట్టు.

చిత్తూరు కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా చేరావని, స్క్రిప్టు పాఠం నీకిచ్చారని, 31 మంది పిల్లలకి ఒకటే కెమెరా అని, దాని రెండు బ్యాటరీల్లో ఒకటి ఉబ్బిపోయిందని రాశావు. చదివి నవ్వుకున్నాను. నేను యూనివర్సిటీలో చేరిన రోజు మా డిపార్టుమెంటుకీ ఒకటే కెమెరా. అప్పుడది భుజం మీద మోసే రకం. తాళంచెవి క్లర్కు దగ్గర ఉండేది, ఆయన సెలవు పెడితే ఆ రోజు సినిమా కళకి కూడా సెలవే.

రెండు ప్రశ్నలు అడిగావు. పాఠాలు చెబుతూ కూర్చుంటే నా రాత ఆగిపోతుందా సార్ అన్నది ఒకటి. పిల్లల స్క్రిప్టులు ఎంతవరకు దిద్దాలి, అది తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నది. ఆగిపోతుంది, పరీక్షల నెలల్లో. మిగతా నెలల్లో ఆగితే తప్పు పాఠానిది కాదు. పొద్దున ఐదింటికి లేచి నీ కథ నువ్వు రాసుకున్నాకే పిల్లల కాగితాలు ముట్టుకో. సాయంత్రం రాద్దాంలే అనుకున్న కథలు నా దగ్గర ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి, ఒక్కదానికీ రెండో పేజీ లేదు.

రెండో ప్రశ్నకి మాత్రం నేను చాలా ఏళ్లు తప్పుగా జవాబు చెబుతూ వచ్చాను. అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగు.

నీకంటే చాలా ముందు బ్యాచ్‌లో ఒక కుర్రాడుండేవాడు. దామలచెరువు దగ్గర పల్లె. వాళ్లమ్మ మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీకి కూలికి పోయేది. నీకు తెలియని సంగతి కాదు, జూన్ వచ్చిందంటే మన వైపు తోతాపురి మామిడి లోడ్లు రోడ్ల మీద బారులు కడతాయి, లోపల ఆడవాళ్లు రోజంతా నిలబడి కాయలు కోస్తుంటారు. ఆ అబ్బాయి ఫైనలియర్ ప్రాజెక్టు కోసం, చిన్న క్యాసెట్ వేసే మినీ డీవీ కెమెరా తీసుకుపోయి వాళ్లమ్మ చేతులు తీసుకొచ్చాడు. అంతే, చేతులే. కత్తి, కాయ, టెంక, సొన కారి నల్లబడిన వేళ్లు. ఆరు నిమిషాలు కట్ లేదు. మధ్యలో ఆమె తలెత్తి సూటిగా కెమెరా వైపు చూసి, “అన్నం తిన్యావా?” అని అడిగి మళ్లీ కాయ కోసుకుంటుంది.

నేనేమన్నానో తెలుసా? “కెమెరా వైపు చూసింది, ఆ ముక్క పనికిరాదు. అసలు ఇందులో కథేదిరా?” అన్నాను.

ఆ రాత్రి కూర్చుని కథ నేనే రాసిచ్చాను. దుర్మార్గుడైన మేస్త్రీని పెట్టాను. కూతురి కాలేజీ ఫీజు పెట్టాను. చివర్లో మిషన్లో చెయ్యి పడుతుంది. వాళ్లమ్మకి నటన రాదని నాటకాల్లో అనుభవమున్న ఒకావిడని పిలిపించాను. ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూడా నేనే కూర్చున్నాను, వాడు పక్కన కుర్చీలో టీ గ్లాసు పట్టుకుని చూస్తూ ఉన్నాడు. ఆ సినిమాకి వేరే ఊళ్లో జరిగిన విద్యార్థుల పోటీలో బహుమతి వచ్చింది. డిపార్టుమెంటు గోడకి ఫోటో ఎక్కింది. ఫోటోలో మధ్యలో నేనున్నాను.

సినిమా వేసిన రోజు వాళ్లమ్మని బస్సులో తీసుకొచ్చాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని అంతా చూసి, బయటికొచ్చాక కొడుకుని అడిగింది: “బాగుండాదప్పా. ఈయమ్మ యవురు? మన పక్క ఫ్యాక్టరీలో చేస్తాదా?”

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాట నాకు అర్థం కావడానికి ఇంకో నాలుగు బ్యాచ్‌లు పట్టింది. వాడు మాత్రం ఆ తర్వాత ఒక్క స్క్రిప్టు కూడా రాయలేదు.

అప్పటికి నేను పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేసవి కోర్సు చేసొచ్చిన గర్వంలో ఉన్నానమ్మా. ఐదు వారాల ఫిల్మ్ అప్రిసియేషన్ చదివి ఐదేళ్ల చదువు చదివినట్టు మాట్లాడేవాణ్ణి. ప్రభాత్ స్టూడియో స్థలంలో 1960లో పెట్టిన ఆ సినిమా బడిలో ఒక మామిడి చెట్టుంది, విజ్డమ్ ట్రీ అంటారు. దాని కింద కూర్చున్న ఫోటో దిగి తెచ్చుకున్నాను గానీ, అక్కడి అసలు సంగతి గమనించలేదు. 1960ల మధ్యలో బెంగాలీ దర్శకుడు రిత్విక్ ఘటక్ అక్కడ కొద్దికాలమే పాఠాలు చెప్పాడు. ఆయన దగ్గర చదివినవాళ్లలో తర్వాత దర్శకులైన మణి కౌల్, కుమార్ షహానీ, జాన్ అబ్రహాం ఉన్నారు. ముగ్గురి సినిమాలూ వరసగా చూడు. ఒకే మాస్టారి శిష్యులంటే నమ్మలేవు. మణి కౌల్ సినిమాలో మనుషులు కదిలితే గొప్ప. జాన్ అబ్రహాం ఊరూరా తిరిగి జనం దగ్గర చందాలు పోగేసి 1986లో మలయాళంలో సినిమా తీశాడు. ఏ ఒక్కరూ ఘటక్‌లా తీయలేదు. ఆయన ఏం నేర్పాడో నాకు తెలియదు గానీ, ఏం చేయలేదో మాత్రం ఆ సినిమాలే చెబుతున్నాయి. వాళ్ల కాగితాల మీద తన కథ రాయలేదు.

అయితే దిద్దకపోతే పిల్లలకి ఎలా వస్తుంది అంటావు. ఊరికే వదిలేస్తే రాదు. మొదటి సెమిస్టర్‌లో నీ 31 మందిలో ఇరవై మంది సినిమాలు అలారం మోగడంతో మొదలవుతాయి, రాసిపెట్టుకో. మిగతావాళ్లవి తిరిగే ఫ్యానుతో. ఫ్యానుతో మొదలైతే చివర ఎలా ముగుస్తుందో చెప్పనక్కర్లేదు. మా తిరుపతిలో అదనంగా గాలిగోపురం, సూర్యోదయం, వెనకాల సుప్రభాతం. ఇవి చూసి నీ చెయ్యి ఎర్ర పెన్ను మీదికి పోతుంది. పోనివ్వకు. పెన్ను జేబులోనే ఉంచి, అడుగు. నువ్వు పొద్దున ఎలా లేస్తావు? అలారంతోనా? “లేదు మేడం, మా నాయన మోటారు వేస్తే ఆ శబ్దానికి లేస్తా.” ఇంక నువ్వు మాట్లాడాల్సిన పని లేదు, వాడి సినిమా వాడి నోట్లోంచే వచ్చేసింది.

మాటల విషయంలో కూడా ఇంతే. క్యాంటీన్లో “యాడికి పోతాండావు బ్బా” అనుకునే పిల్లలు కాగితం మీదికి వచ్చేసరికి “ఎక్కడికి వెళ్తున్నావ్ రా మామా” అని రాస్తారు. మన యాస రాస్తే కామెడీ అయిపోతుందని భయం. ఆ భయం వాళ్లది కాదు, తెర మీద మన యాసని ఎక్కువగా దేనికి వాడుతున్నారో చూసి నేర్చుకున్నది. ఇంటికి పోయి అవ్వ మాట్లాడేది పది నిమిషాలు రికార్డు చేసి, ఒక్క అక్షరం మార్చకుండా రాసుకురమ్మను. ఆ కాగితాలు క్లాసులో పైకి చదివించు. మొదటి ఇద్దరికీ నవ్వుతారు. మూడోవాడు వాళ్లవ్వ అప్పు గురించి మాట్లాడింది చదివేసరికి నవ్వు ఆగిపోతుంది.

ఒక్క కెమెరాతో ఏం చేయను అని దిగులు పడకు. 1919లో మాస్కోలో మొదలైన సినిమా బడిలో పిల్లలకి ఇవ్వడానికి ఫిల్మే దొరికేది కాదు, అంతర్యుద్ధపు రోజులు. అక్కడి మాస్టారు లెవ్ కులెషోవ్ తన శిష్యుల చేత ఫిల్మ్ లేని సినిమాలు ఆడించాడు, షాట్ తర్వాత షాట్‌లాగా ముక్కలు ముక్కలుగా, స్టేజీ మీద. ఆయన చేసిన ఇంకో ప్రయోగం నీకు చెప్పాను కదా, ఒకే ముఖం పక్కన సూపు గిన్నె, శవపేటిక, ఆడమనిషి. ముఖం మారదు, చూసేవాళ్లకి మాత్రం ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం, ఒకసారి కోరిక కనబడతాయి. మా బ్యాచ్‌లు దాన్ని హాస్టల్ వాచ్‌మన్‌తో చేసేవి. ఆయన ముఖం, పొంగలి ప్లేటు. ఆయన ముఖం, మార్కుల లిస్టు. ఆయన ముఖం, ఖాళీ ఉయ్యాల. చూసినవాళ్లంతా ఆహా ఏం నటించాడు అన్నారు. ఆయన్ని అడిగితే “నేను బీడీ గురించి అనుకుంటా ఉన్యాను సార్” అన్నాడు. ఎడిటింగ్ గురించి నేను చెప్పిన పాఠాలన్నీ కలిపినా ఆ మాటంత పని చేయలేదు.

ఇంకొకటి. ఫోన్లొచ్చాక పిల్లలు మూడు నిమిషాల సినిమాకి రెండు గంటల వీడియో తీసుకొస్తున్నారు. 16 ఎంఎం ఫిల్మ్ 400 అడుగుల రోలు 11 నిమిషాలే వచ్చేది, అందులోనే సర్దుకోవాలి. నువ్వు కూడా 11 నిమిషాలకి మించి తీయకూడదని నియమం పెట్టు. తిట్టుకుంటారు, తిట్టుకోనీ. ఎక్కడ నిలబడాలో ముందే ఆలోచించుకునే అలవాటు పిసినారితనం నుంచే వస్తుంది.

నేను సరిగ్గా చేశాననిపించేది ఒకటుంది, అది కూడా చెబుతాను. లేకపోతే ముప్పై ఏళ్ల జీతం దండగ తిన్నాననుకుంటావు. ఒకమ్మాయి కొండ మీద దర్శనం గురించి సినిమా తీస్తానంది. ఆలయంలోకి ఫోన్ కూడా తీసుకెళ్లనివ్వరు కదా, ఎలా తీస్తావు అన్నాను. వారం రోజులు కనబడలేదు. తర్వాత అర పేజీ స్క్రిప్టు తెచ్చింది. ఫోన్లు దాచే కౌంటరు. భక్తులంతా లోపలికి పోయారు, అరల్లో ఫోన్లు మాత్రం ఒక్కొక్కటే మోగుతున్నాయి. ఎత్తేవాళ్లు లేరు. అంతే కథ. నా పాత చెయ్యి అయితే ఆ ఫోన్లలో ఒకదానికి ఆసుపత్రి నుంచి చావు కబురు తెప్పించేది. నాలిక కరుచుకుని ఒకటే అడిగాను: “ముందు ఏ ఫోన్ మోగుతుంది?” ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించి, “చిన్న బటన్ల ఫోన్ సార్, స్క్రీన్ పగిలింది, రబ్బరుబ్యాండు వేసింది” అంది. క్లాసులో అందరి ఫోన్లూ గుడ్డసంచుల్లో పెట్టి, లైబ్రరీ అరల్లో పేర్చి తీశారు. మూడు నిమిషాలు. బహుమతేమీ రాలేదు. రబ్బరుబ్యాండు ఫోన్ మోగి మోగి ఆగిపోయినప్పుడు మా క్లర్కు, అదే కెమెరా తాళం క్లర్కు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మార్కులెలా వెయ్యాలి, అటెండెన్సు ఎలా సర్దాలి అన్నవి మీ హెచ్ఓడీని అడుగు. వాటిలో నేను ఎప్పుడూ పనికిరాలేదు.

నీ స్క్రిప్టు కూడా పిల్లల ముందు చదువు. వాళ్లకిచ్చిన అభ్యాసమే నువ్వూ రాసి, వాళ్ల చేత ప్రశ్నలు వేయించుకో. మొదటిసారి చెవులు ఎర్రబడతాయి. నేనది రిటైరయ్యే ముందు రెండేళ్లే చేశాను, అంతకుముందు ధైర్యం చాల్లేదు.

ఆ దామలచెరువు కుర్రాడు ఇప్పుడు పెళ్లి వీడియోలు తీస్తున్నాడు. మంచి పేరే ఉందంట, ముహూర్తాల రోజుల్లో దొరకడు. నా మీద కోపం కూడా లేదు వాడికి, అదే నాకు కష్టంగా ఉంటుంది. ఏటా సీజన్లో ఒక పెట్టె బేనిషా మామిడిపళ్లు పంపిస్తాడు. ఫోన్ చేసి తిన్నాను రా, తియ్యగా ఉన్నాయి అంటాను. ఆ సినిమా మాట వాడెత్తడు, నేనూ ఎత్తను.

మొన్న పుస్తకాలు సర్దుతుంటే ఒక మినీ డీవీ క్యాసెట్ దొరికింది. దాని మీద వాడి చేతిరాతతో “అమ్మ - 1” అని ఉంది. నేను కథ రాసివ్వక ముందు వాడు తీసింది. ఆడించడానికి నా దగ్గర ఏమీ లేదు. తిరుపతిలో తెలిసిన స్టూడియోలన్నీ అడిగాను, ఆ కెమెరాలు ఎప్పుడో అమ్మేశామన్నారు. మీ కాలేజీ స్టోర్‌రూమ్‌లో పాత సామాన్లుంటాయి కదా, అందులో మినీ డీవీ కెమెరా ఏదైనా పడి ఉందేమో చూడు. లెన్సు పాడైనా పరవాలేదు, క్యాసెట్ తిరిగితే చాలు. ఉంటే ఫోన్ చెయ్యి, చిత్తూరు బస్సెక్కి వస్తాను. వాడికి ఇంకా చెప్పలేదు.

మీ సార్