సెంటు కాని సెంటు

ప్రశ్న: ఒహాయోలో ఉంటున్న మా అబ్బాయి 1863 అని ఉన్న రాగి బిళ్ళ ఒకటి కొన్నాడు. ఒక పక్క ఇండియన్ (అమెరికా ఆదివాసి) తల బొమ్మ, వెనక ‘నాట్ వన్ సెంట్’. ఆ ‘నాట్’ కళ్ళు చికిలిస్తే గానీ కనబడదు. దొంగ నాణెం అంటగట్టారా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: అది నాణెమే కాదు, ఇక దొంగదెలా అవుతుంది? అమెరికా అంతర్యుద్ధ కాలపు టోకెన్ అది. 1861 డిసెంబరు ఆఖర్లో బ్యాంకులు నోట్లకు బంగారం, వెండి ఇవ్వడం ఆపేశాయి. జనం బంగారం, ఆపైన వెండి, 1862 వేసవికల్లా సెంట్లు (డాలరులో నూరో వంతు నాణేలు) కూడా దాచేశారు. చిల్లరకు బదులు తపాలా బిళ్ళలు ఇస్తే జిగురు కరిగి ముద్దయ్యేవి. జాన్ గాల్ట్ అనే వ్యాపారి వాటిని ఇత్తడి చట్రంలో పెట్టి పైన అభ్రకం బిగించాడు. అప్పటికీ కొరత తీరక వ్యాపారులు సొంతంగా టోకెన్లు కొట్టించారు.

అప్పటి సెంటు 19 మి.మీ. వెడల్పు, 4.67 గ్రాములు, 12 శాతం నికెల్. టోకెన్ వెడల్పూ దాదాపు అంతే గానీ పల్చని రాగి, బరువు తక్కువ. సెంటు కంటే చవగ్గా తయారయ్యేది, మిగిలింది వ్యాపారికి లాభం. సర్కారు సెంటుకు నకలన్న నింద రాకుండా ఆ చిన్న ‘నాట్’!

దుకాణం పేరుంటే అది స్టోర్ కార్డ్, జెండాలూ నినాదాలే ఉంటే పేట్రియాటిక్, అంటే దేశభక్తి టోకెన్. మీది రెండో రకం, మార్చి ఇవ్వడానికి బాధ్యుడే లేడు. పేరున్నా భరోసా లేదు లెండి: న్యూయార్క్ సారా వ్యాపారి లిండెన్‌ముల్లర్ టోకెన్లు థర్డ్ అవెన్యూ రైల్వే అనే ట్రాము కంపెనీ దగ్గర పోగుపడితే, తిరిగి తీసుకోనన్నాడు. కంపెనీ చేయగలిగిందేమీ లేకపోయింది.

1864 ఏప్రిల్ 22 చట్టం ప్రైవేటు సెంట్లను నిషేధించింది. తమాషా ఏమిటంటే, అదే చట్టంతో సర్కారు కూడా 3.11 గ్రాముల పల్చని కంచు సెంటుకు దిగింది. జూన్ 8న ప్రైవేటు నాణేలన్నీ బంద్.

ప్రశ్న: నల్లబడింది. చింతపండుతో తోమవచ్చా?

జవాబు: వద్దే వద్దు. పులుపు పైపొరను తినేస్తుంది, గులాబి రంగు తేలుతుంది, ధర పడిపోతుంది. పీవీసీ (మెత్తని ప్లాస్టిక్) కవర్లోంచి ఆకుపచ్చ జిడ్డు పట్టి ఉంటే మాత్రం స్వచ్ఛమైన ఎసిటోన్ ద్రావకంలో కాసేపు ఉంచి, రుద్దకుండా ఆరనివ్వండి. నిప్పు దగ్గర ఆ పని చేయకండి. తర్వాత మైలార్ (పీవీసీ కాని పాలియెస్టర్ ప్లాస్టిక్) కవర్లో, అంచులు పట్టుకుని పెట్టండి.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటివి?

జవాబు: రెండో ప్రపంచ యుద్ధంలో మోర్వీ, జునాగఢ్ వంటి సంస్థానాలు అట్టముక్కల మీద చిల్లర కూపన్లు అచ్చేశాయి. 1943 నుంచి బ్రిటిష్ ఇండియా కాణీ నడుమ చిల్లు పడింది, లోహం ఆదా కోసం.