యూరియా వేశాక చేలో నీళ్ళు నిలిచాయి, ఇంకో బస్తా వేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా, నల్లరేగడి నేల. మోకాటి ఎత్తు మొక్కజొన్నకు ఎకరాకు ఒక బస్తా యూరియా పైపాటుగా వేశాను. పది రోజులకు ముసురు పట్టి, మూడు రోజులు చేలో నీళ్ళు నిలిచిపోయాయి. ఇప్పుడు కింది ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. పక్క చేను బాబాయి ఇంకో బస్తా వేయమంటున్నాడు. నీళ్ళుంటే వేరు ఎరువును ఇంకా బాగా పీల్చుకోవాలి కదా సార్?

జవాబు: మీ ఆఖరి మాటతోనే మొదలుపెడతాను, చాలామంది పొరబడేది అక్కడే. యూరియా మట్టిలో చివరికి నైట్రేట్‌గా మారుతుంది, స్ట్రా వేసి కొబ్బరినీళ్ళు తాగినట్టు వేరు ఆ నైట్రేట్‌ను నీళ్ళతో పాటు జుర్రుకోదు. నీళ్ళు దాన్ని వేరు గుమ్మం దాకా తెస్తాయి, అంతే. లోపలికి లాక్కోవడం వేరు ఒళ్ళు వంచి చేసుకోవాల్సిన పని.

ఎందుకంటే వేరు కణం లోపలి వైపు రుణ విద్యుదావేశం ఉంటుంది, నైట్రేట్‌దీ రుణావేశమే, రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అందుకని వేరు చక్కెరను ఖర్చుపెట్టి, ఆ శక్తితో ముందు ప్రోటాన్లను (ధనావేశం ఉన్న హైడ్రోజన్ కణాలను) బయటికి తోస్తుంది. అవి తిరిగి లోపలికి రావాలని ఒకటే తొందర పడతాయి. కణం పొరలో ఉండే ఒక ప్రోటీన్ ద్వారం వాటిని ఉత్త చేతులతో రానివ్వదు, రెండు ప్రోటాన్లు కలిసి ఒక నైట్రేట్‌ను వెంటబెట్టుకుని రావాలి. సంతకెళ్ళినవాళ్ళు ఖాళీ సంచితో ఇంటికి రారు కదా, అలాగన్నమాట. (ఇలాంటి ద్వారాల్లో ఒకదాని జన్యువు 1993లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దొరికింది. క్లోరేట్ అనే విషాన్ని మామూలు మొక్కలు నైట్రేటే అనుకుని లోపలికి తీసుకుని చచ్చిపోతుంటే, ఆ ద్వారం చెడిపోయిన మొక్కలు మాత్రం బతికి బట్టకట్టాయి. దొంగను అలా పట్టుకున్నారు!)

ఇంతకీ చక్కెర నుంచి కావలసినంత శక్తి రావాలంటే వేరుకు ఆక్సిజన్ కావాలి. గాలిలో కంటే నీళ్ళలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది, నేలలో మిగిలిన కాస్తనూ వేళ్ళు, సూక్ష్మజీవులు కలిసి ఒకటి రెండు రోజుల్లో ఖాళీ చేసేస్తాయి. ఇక కాళ్ళ దగ్గర తిండి పెట్టుకుని మొక్క పస్తుంటుంది. లేత ఆకుల కోసం ముదురు ఆకుల్లోని నత్రజనిని లాగేసుకుంటుంది కాబట్టి ముందు కింది ఆకులే పసుపు రంగుకు తిరుగుతాయి.

ఇక వేసిన ఎరువు సంగతి. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. యూరియా కొద్ది రోజుల్లో అమ్మోనియంగా మారి బంకమట్టిని పట్టుకుని ఉంటుంది, తర్వాత బాక్టీరియా దాన్ని మెల్లగా నైట్రేట్‌గా మారుస్తాయి. మీ పది రోజుల్లో నైట్రేట్‌గా మారిన భాగం కొంత నీళ్ళతో కిందికి దిగిపోయి ఉంటుంది, కొంత గాలి ఆడని మట్టిలో వాయువుగా మారి ఎగిరిపోయి ఉంటుంది. అమ్మోనియంగా ఉన్నది మాత్రం ఇంకా చేలోనే ఉంది. టెన్షన్ పడకండి.

బాబాయి మాట ఇప్పుడే వినొద్దు. ముందు కాలువ తీసి నీళ్ళు బయటికి పంపండి, పదును వచ్చాక సాళ్ళ మధ్య గుంటక తోలండి, నేలకు గాలి తగులుతుంది. ఈలోగా లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి, వేరు పని చేయనప్పుడు ఆకే తింటుంది. నాలుగైదు రోజులయ్యాక పారతో ఒక మొక్కను మట్టితో సహా లేపి మెల్లగా దులపండి. తెల్లటి కొత్త వేళ్ళు, వాటి మీది సన్నటి నూగును పట్టుకుని వదలని మట్టి కనిపిస్తే వేరు లేచినట్టే, అప్పుడు ఎకరాకు 25-30 కిలోల యూరియా చాలు. వేళ్ళు గోధుమరంగులో మెత్తగా ఉండి పట్టుకుంటే తోలు ఊడొస్తుంటే ఇంకా ఆగండి.

ప్రశ్న: మరి వరి నీళ్ళలోనే ఉంటుందిగా, దానికేం కాదేం?

జవాబు: వరికి ఆకుల నుంచి వేళ్ళ దాకా లోపల గాలి గొట్టాలున్నాయి, కాండాన్ని చుట్టుకున్న ఆకు తొడుగును అడ్డంగా కోస్తే ఆ ఖాళీలు కంటికే కనిపిస్తాయి. పైగా మడిలో వరి ఎక్కువగా తినేది అమ్మోనియం, అది ధనావేశం కాబట్టి కణమే లోపలికి లాగుతుంది, అంత శ్రమ ఉండదు. దమ్ములో నైట్రేట్ ఎరువు వేయొద్దనేది ఎందుకంటే, గాలి ఆడని ఆ మట్టిలో అది వాయువుగా మారి చాలావరకు గాలిపాలే. ఈసారి నాటు వేసిన నెల తర్వాత ఒక దుబ్బు పీకి చూడండి, వేళ్ళ మీద తుప్పు రంగు ఉంటుంది. అది తెగులు కాదు, వేరు నుంచి కారిన ఆక్సిజన్ మట్టిలోని ఇనుముకు పట్టించిన తుప్పే.