బీరువా అడుగు అరలో ఉన్న పేర్లు

(ఫోనూ బడీ: పాఠకుల ప్రశ్నలకు అమలాపురం నుంచి ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలి జవాబులు)

ప్రశ్న: మేడం గారూ, మాది పి.గన్నవరం వైపు లంక గ్రామంలో ఉన్న బడి. యాభై ఏళ్ల కిందటి అడ్మిషన్ రిజిస్టర్లు కూడా ఉన్నాయి. వరద వచ్చిన ప్రతిసారీ వాటి గురించే టెన్షన్. కంప్యూటర్ పాడైంది, నా ఫోను ఒక్కటే ఉంది. దానితో ఏమైనా చేయగలనా?
– ఒక ప్రధానోపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, తప్పకుండా చేయగలరు. దయచేసి ఈ ఏడాదే చేయండి.

2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు, నేను అంతకుముందు పనిచేసిన ఒక బడిలోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. రిజిస్టర్లు బీరువా అడుగు అరలో ఉన్నాయి. వాటిని పైఅరలోకి మార్చాలని నేను అక్కడున్న రోజుల్లోనే అనుకున్నాను, మార్చలేదు. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే బాల్‌పెన్నుతో రాసిన పేర్లు నిలిచాయి, పాత సిరా పేర్లు నీలంగా కరిగిపోయాయి. కొన్నాళ్లకు పాత విద్యార్థి ఒకడు పాస్‌పోర్టు కోసం పుట్టినతేదీ కాగితం కావాలని వచ్చాడు. "మీరే రాశారు కదండి టీచరు గారండి, మా అమ్మ పక్కనే ఉందండి" అన్నాడు. నిజమే, నేనే రాశాను. ఆ పేజీ పక్క పేజీకి అతుక్కుపోయి ఉంది.

మీ ఫోనులో గూగుల్ డ్రైవ్ ఉంటుంది. అందులో కెమెరా బొమ్మ ఉన్న స్కాన్ బటన్ నొక్కితే అంచులు కత్తిరించి, వరసగా తీసిన పేజీలన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేస్తుంది. ఉదయం పూట వరండాలో బల్ల వేసుకోండి. ఫ్లాష్ వద్దు, మెరుపు పడి అక్షరాలు పోతాయి. ఒకరు పేజీ తిప్పాలి, ఒకరు తీయాలి. పేజీకి ఒక ఎంబీ అనుకున్నా, రెండు వందల పేజీల రిజిస్టరు రెండు వందల ఎంబీ. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మీ బీరువా మొత్తం పట్టేస్తుంది.

అసలు పని పేరు పెట్టడంలో ఉంది. ఫోను తనంతట తను పెట్టే పేరుతో వదిలేస్తే పదేళ్ల తర్వాత ఎవరికీ దొరకదు. "1984 అడ్మిషన్ 401 నుంచి 450" అని పెట్టండి. యాభై పేర్లకొక ఫైలు చాలు. చేతిరాతను సరిగా వెతకడం ఫోనుకు చేతకాదు కాబట్టి ఒక గూగుల్ షీట్‌లో అడ్మిషన్ నంబరు, పేరు, పుట్టినతేదీ, పేజీ నంబరు, ఈ నాలుగే టైపు చేయించండి. రోజుకు ముప్పై పేర్లు చొప్పున సాగినా సంక్రాంతికి చాలావరకు అయిపోతుంది.

కొన్ని జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీ సొంత ఖాతాలో పెట్టకండి. మీకు బదిలీ అయితే ఆ పేర్లన్నీ మీతో వెళ్లిపోతాయి. బడి పేరున కొత్త ఖాతా తెరిచి, పాస్‌వర్డు మీ దగ్గరా, ఇంకొక ఉపాధ్యాయుడి దగ్గరా ఉంచండి. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు, అందుకని ఏటా జూన్‌లో బడి తెరిచిన వారం ఒకసారి లాగిన్ అవ్వండి. ఇక ఆ పేజీల్లో కులం, తండ్రి పేరు, ఇంటి వివరాలు అన్నీ ఉంటాయి. ఒక్క పేజీ కూడా వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో వేసి మెరక మీద ఉన్న మండల కార్యాలయంలో అప్పగించి రసీదు తీసుకోండి. స్కాన్ ఉంది కదా అని అసలు రిజిస్టరును నిర్లక్ష్యం చేయకండి, సంతకం పెట్టి కాగితం ఇవ్వాలంటే లెక్కలోకి వచ్చేది అదే. ఈ రోజే పైఅరలోకి మార్చండి.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చేసరికి లంకల్లో పశువుల్నీ ముసలివాళ్లనీ గట్టుకు చేర్చే హడావిడి మొదలవుతుంది. అప్పుడు పేజీలు తిప్పే తీరిక ఎవరికీ ఉండదు.

ప్రశ్న: నేను టైపు చేయించిన ప్రశ్నపత్రం ఫోనులో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి. ఎందుకు?
– తెలుగు పండితులు, పాలకొల్లు

జవాబు: డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొట్టి ఉంటారు. అందులో తెలుగు అక్షరం ఇంగ్లిష్ అక్షరం స్థానంలో కూర్చుంటుంది. ఆ ఫాంటు లేని ఫోనుకు కింద ఉన్న ఇంగ్లిషే కనిపిస్తుంది. పాత పత్రాలను పీడీఎఫ్ చేయించి పంపండి. కొత్తవి యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలో కొట్టించండి, మండలి, రామభద్ర వంటి మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఫోనులో జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) మైకు నొక్కి తెలుగులో చెబితే తనే రాస్తుంది. వత్తులు, పొల్లులు మాత్రం మీరే ఒకసారి చూడండి.

ప్రశ్న: ఏడో తరగతిలో 38 మంది. "అర్థమైందా?" అంటే అందరూ అయిందంటారు. పరీక్షలో తేలిపోతున్నారు. పిల్లల దగ్గర ఫోన్లు లేవు.
– లెక్కల ఉపాధ్యాయిని, ముమ్మిడివరం

జవాబు: అమ్మా, నా సర్వీసంతా నన్ను వేధించిన ప్రశ్న ఇది. ప్లికర్స్ అనే యాప్ చూడండి. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు, ఒక్కొక్కరికి ఒక అట్టముక్క చాలు. దానిమీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ, నాలుగు వైపులా ఎ, బి, సి, డి అక్షరాలు ఉంటాయి. ఏ జవాబు అనుకుంటే ఆ వైపు పైకి వచ్చేలా పట్టుకోవాలి. మీరు ఫోను కెమెరా తరగతి మీదుగా తిప్పితే ఎవరు ఏం చెప్పారో వస్తుంది. ప్రతి బొమ్మా వేరు, అక్షరం చాలా చిన్నగా ఉంటుంది కాబట్టి పక్కవాడిని చూసి పట్టుకోవడం కష్టం. వెనక బెంచీ పిల్ల సిగ్గుపడకుండా తప్పు చెప్పగలదు, నాకు ఇది నచ్చింది అందుకే. మీ ఫోనుకు నెట్ ఉండాలి. అట్టలకు లామినేషన్ వద్దు, మెరిస్తే కెమెరాకు కనబడవు.

కానీ ప్రశ్నలో పస లేకపోతే యాప్ ఏమీ చేయలేదు. 1/2 + 1/3 ఎంత అని అడిగి 5/6, 2/5, 1/6, 2/6 ఇవ్వండి. 2/5 పట్టుకున్నవాళ్లు పైవి పైవీ, కిందవి కిందవీ కూడారు. 1/6 పట్టుకున్నవాళ్లు గుణించారు. 2/6 అన్నవాళ్లకు హారం మార్చాలని తెలుసు, లవం మార్చడం తెలియదు. రేపు ఎవరికి ఏం చెప్పాలో అక్కడే తేలిపోయింది. తప్పు జవాబులు రాయడానికి అరగంట కూర్చోండి. సిగ్నల్ లేని రోజు నాలుగు రంగుల చార్టు ముక్కలు ఇచ్చి, కళ్లు మూసుకుని ఎత్తమనండి.

ప్రశ్న: నా మూడో తరగతిలో ఆరుగురి తల్లులు కువైట్‌లో ఉన్నారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర. గ్రూపులో మెసేజ్ పెడితే ఎవరూ చూడరు.
– ఉపాధ్యాయిని, రాజోలు

జవాబు: చూడరని కాదమ్మా, ఆ అమ్మమ్మకు చదవడం రాకపోవచ్చు. రాసింది మానేసి గొంతుతో పంపండి. నిమిషం లోపు, ఒక్క విషయమే. మార్కులు, ఫిర్యాదులు గ్రూపులో ఎప్పుడూ వద్దు, విడిగా చెప్పండి. అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఉంది కానీ, మీ నంబరు వాళ్ల ఫోనులో సేవ్ అయి ఉంటేనే చేరుతుంది. అమ్మమ్మ బడికి వచ్చినరోజు మీరే సేవ్ చేసి ఇవ్వండి.

ఆ తల్లులకు మాత్రం ఇంకోటి పంపండి. పిల్లవాడు పాఠంలో నాలుగు వాక్యాలు చదువుతుంటే రికార్డు చేసి, శుక్రవారం విడిగా అమ్మకే పంపండి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, మన రాత్రి తొమ్మిదికి అక్కడ ఆరున్నర. ముఖం వీడియో అవసరం లేదు, గొంతు చాలు. ముందు ఒకసారి లోపల చదువుకోనివ్వండి. తడబడితే ఆపి మళ్లీ మొదలుపెట్టించకండి, అలాగే పంపండి. జూన్‌లో పంపిన దాన్ని మీ ఫోనులోనే ఉంచుకుని, మార్చిలో కొత్తదానితో కలిపి మళ్లీ పంపండి.