అండర్-14 సాఫ్ట్‌బాల్: అందరినీ ఆడించాలా, గెలుపే చూడాలా?

కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో అండర్-14 బాలికల సాఫ్ట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇస్తున్న మీరు, అందరికీ అవకాశమిస్తే ఓడిపోతామేమోనని అడిగారు. ఈ వయసులో ఆట నేర్పడమే ముందు, గెలుపు ఆ తర్వాతే అని నా గట్టి అభిప్రాయం. ఏడాదంతా బెంచీ మీద కూర్చోబెట్టిన పిల్ల మరుసటి ఏడు మైదానానికి రావడమే మానేయవచ్చు, అది ఏ ఓటమికన్నా పెద్ద నష్టం.

నిజానికి ఆట నియమాలే మీకు వెసులుబాటు ఇస్తున్నాయి. మామూలుగా 7 ఇన్నింగ్స్ సాగే ఈ ఆటలో, మొదట బరిలోకి దిగిన క్రీడాకారిణిని బయటికి పిలిచినా, బ్యాటింగ్ వరుసలో ఆమె పాత స్థానంలోనే ఒకసారి తిరిగి దించవచ్చు. కాబట్టి మూడో ఇన్నింగ్స్‌లో మీ షార్ట్‌స్టాప్‌కు (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్‌కు) విశ్రాంతినిచ్చి, కొత్త అమ్మాయి చేత రెండు మూడు ఇన్నింగ్స్ ఆడించి, చివర్లో షార్ట్‌స్టాప్‌నే మళ్లీ రప్పించుకోండి. పోటీ నిర్వాహకుల నిబంధనలు మాత్రం ముందే చూసుకోండి.

బంతి విసిరే పిచర్, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ స్థానాల్లో మాత్రం కొత్తవాళ్లను ఇలా దించకండి. తగిన సాధన లేని పిల్లను క్యాచర్‌గా నిలబెడితే దెబ్బలు తగులుతాయి గనుక, ఆ పని ముందు సాధనలోనూ, పక్క బడులతో ఆడే స్నేహపూర్వక ఆటల్లోనూ నేర్పాలి. నాకౌట్ ఆటలో బలమైన జట్టునే దించడం తప్పు కాదు, అయితే ఆ సంగతి పిల్లలకూ తల్లిదండ్రులకూ పోటీలు మొదలుకాకముందే చెప్పండి.