కాక్టస్ పేర్ల గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. శాస్త్రీయ నామం తెలిస్తే మొక్క లక్షణం తెలిసినట్టేనని నువ్వు రాసిన చోట ఆగిపోయాను. ఆ మాట సగమే నిజం.

ఆస్ట్రోఫైటమ్ అంటే గ్రీకులో నక్షత్రపు మొక్క. పైనుంచి చూస్తే దాని కాండం అలాగే కనిపిస్తుంది. ఇక్కడ నీ మాట చెల్లుతుంది. కానీ ఒపన్షియా ఫైకస్-ఇండికా అన్న పేరు చూసి ఆ నాగజెముడు భారతదేశపు మొక్క అనుకుంటే పొరపాటు. దాని పుట్టిల్లు మెక్సికో. అమెరికా ఖండాన్ని యూరప్ వాసులు ఇండీస్ అని పిలిచిన రోజుల గుర్తు ఆ ఇండికా. అసలు కాక్టస్ అన్న పదానికి మూలమైన కాక్టోస్‌ను ప్రాచీన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ వాడింది వేరే ముళ్ల మొక్కకు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ తనకు తెలిసిన నేటి కాక్టస్ మొక్కలన్నిటినీ ఆ పేరుతో ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) కింద చేర్చాడు. పేరు తప్పుదారి పట్టిస్తోందని తర్వాతివారెవరూ దాన్ని మార్చడానికి వీల్లేదు. మొక్కల పేర్లకు సంబంధించిన అంతర్జాతీయ నియమావళి ప్రకారం పేరు గుర్తింపు కోసమే గాని వర్ణన కోసం కాదు.

నీ వ్యాసంలో ఒక్క పేరాతో సరిపెట్టిన సగువారో అనే మహా కాక్టస్ దగ్గరే నువ్వు ఎక్కువసేపు నిలబడాలి. 1848లో వృక్షశాస్త్రవేత్త ఎంగెల్‌మన్ దానికి సీరియస్ జైగాంటియస్ అని పేరు పెట్టాడు. 1908లో బ్రిటన్, రోజ్ అనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు దానికోసం కొత్త ప్రజాతిని ఏర్పరచి, ఉక్కు వ్యాపారి, దాత ఆండ్రూ కార్నెగీ గౌరవార్థం కార్నెజియా అన్నారు. అయినా 'మహాకాయం' అన్న అర్థమిచ్చే రెండో మాట పోలేదు. కొత్త ప్రజాతి నామం స్త్రీలింగం కనుక జైగాంటియా అయింది, అంతే. అందుకే పూర్తి నామం రాసేటప్పుడు ఎంగెల్‌మన్ పేరును కుండలీకరణంలోనూ, తర్వాతి ఇద్దరి పేర్లను దాని వెలుపలా ఉంచుతారు. నువ్వు ఆ కుండలీకరణాన్ని అలంకారమనుకుని తీసేశావు. దాన్ని తీసేస్తే ఈ మొక్కను మొదట ఎవరు వర్ణించారో, ఎవరు మరో ప్రజాతికి మార్చారో చెప్పే ఆనవాలే పోతుంది. అరవై ఏళ్ల ఆ చరిత్రను పాఠకుడికి విప్పి చెప్పడమే నీ పని అని నేను గట్టిగా నమ్ముతాను.

బంగారు రంగు ముళ్ల ఎకైనోకాక్టస్ గ్రూసోనియై పేరు కూడా సరిచూడు. 2014లో దాన్ని క్రోన్‌లైనియా అనే ప్రజాతికి మార్చారు. పాత పుస్తకాల్లో మొదటి పేరే ఉంటుంది కనుక రెండూ రాయి.

పేరు తెలిస్తే లక్షణం తెలిసినట్టేనన్న ఆ వాక్యాన్ని తీసేసి, సగువారోతో మొదలుపెట్టి, వ్యాసాన్ని మళ్లీ పంపు.